వీడియో యాడ్ వల్ల బేరాలు పెరిగాయా లేదా? విశాఖ వ్యాపారులు లెక్క తీసే పద్ధతి

నెలాఖరుకి యాడ్ ఏజెన్సీ నుంచి వచ్చే రిపోర్టులో పై లైను దాదాపు ఎప్పుడూ ఇదే: "మీ వీడియోకి ఇన్ని లక్షల వ్యూస్ వచ్చాయి." ఆ అంకె నిజమే అయి ఉంటుంది. అయినా దాన్ని చూసి సంబరపడితే వాపు చూసి బలుపు అనుకున్నట్టే. షాపు ఓనరు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఈ యాడ్ వేయకపోయి ఉంటే ఈ నెల ఎన్ని బిల్లులు తగ్గేవి? ఎలాగూ రావాల్సిన వాళ్ళు వచ్చి కొనుక్కుంటే ఆ ఘనత యాడ్‌కి ఇవ్వలేం. యాడ్ లేకపోతే రానివాళ్ళు ఎంతమంది వచ్చారు, వాళ్ళలో ఒక్కొక్కరిని రప్పించడానికి ఎంత ఖర్చయింది అన్నదే తీయాల్సిన లెక్క.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, ఒక ఎక్సెల్ షీటు, రెండు మూడు నెలల ఓపిక ఉంటే చాలు. నెలకి పాతిక వేలో లక్షో ఆన్‌లైన్ వీడియోల మీద పెట్టే షాపులు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణకి ద్వారకానగర్‌లో ఒక ఫర్నిచర్ షోరూమ్ ఉందనుకుందాం. దాని బిల్లులు, ఖర్చులు అన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలే. ఫర్నిచర్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, సోఫా కొన్నవాళ్ళ ఇంటికి దాన్ని చేర్చాలి కాబట్టి బిల్లు మీద అడ్రస్ తప్పకుండా ఉంటుంది. ఆ అడ్రస్ మనకి తర్వాత చాలా పనికొస్తుంది.

1. యాడ్ మొదలవక ముందే ఒక వాక్యం రాసిపెట్టుకోండి

"మన పేరు జనంలోకి వెళ్ళాలి" అని మొదలుపెడితే చివర్లో ఏ అంకె చూపించినా సరిపోయినట్టే ఉంటుంది. అలా కాకుండా ఇలా రాసుకోండి: "మధురవాడ వైపు నుంచి వచ్చే బిల్లులు పెరగాలి. ఒక్కో అదనపు బిల్లుకి ఖర్చు 3,000 దాటకూడదు." ఇది కొలవగలిగిన మాట. ఆ 3,000 ఊరికే వేసుకున్నది కాదు. సగటు బిల్లు 18,000, అందులో మార్జిన్ 25 శాతం అనుకుంటే బిల్లుకి 4,500 మిగులుతుంది. అందులో ఎంతవరకు యాడ్‌కి వదులుకోగలరో ఓనరే నిర్ణయించుకోవాలి. కాగితం మీద తారీఖు వేసి రాసి, గల్లా డెస్కు లోపల అతికించండి. రిపోర్టు వచ్చాక లక్ష్యం మార్చుకునే అవకాశం ఉండదు.

ఎంతకాలం కొలవాలన్నది సరుకుని బట్టి ఉంటుంది. చీర అయితే వారంలోపే కొంటారు. ఫర్నిచర్‌కి ఇంట్లో మాట్లాడుకుని, నాలుగు షాపులు తిరిగి రెండు మూడు వారాలు తీసుకుంటారు. పెందుర్తి వైపు ఫ్లాట్లు అమ్మేవాళ్ళు నెలలో రిజిస్ట్రేషన్లు లెక్కపెట్టడం కుదరదు కాబట్టి సైట్ విజిట్లు లెక్కపెట్టాలి.

2. అకౌంటు మీ పేరు మీద ఉందా?

యాడ్ అకౌంటు ఓనరు ఈమెయిల్ మీద ఉండాలి. ఏజెన్సీకి అందులో పనిచేసే అనుమతి ఇవ్వండి. దీని మీద మొహమాటం వద్దు. అకౌంటు వాళ్ళది అయితే వాళ్ళు పంపే పీడీఎఫ్ తప్ప మీకు ఇంకేమీ కనబడదు, ఏజెన్సీ మారితే పాత డేటా మొత్తం పోతుంది.

బిల్లింగ్ సెట్టింగ్స్‌లో మీ జీఎస్టీ నంబరు ఎక్కించారో లేదో కూడా చూసుకోండి. యాడ్ డబ్బు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. గూగుల్‌లో ముందే డబ్బు వేసుకునే పద్ధతిలో 10,000 కడితే యాడ్‌కి మిగిలేది సుమారు 8,475. రెగ్యులర్ పద్ధతిలో జీఎస్టీ కట్టేవాళ్ళు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే ఆ పన్నుని తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్ళకి, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళకి అది ఖర్చు కిందే లెక్క.

3. వ్యూ అంటే ఎవరి కొలత వారిది

యూట్యూబ్‌లో 5 సెకన్ల తర్వాత స్కిప్ కొట్టగలిగే యాడ్‌ని 30 సెకన్లు చూస్తే ఒక వ్యూ పడుతుంది. యాడ్ అంతకంటే చిన్నదైతే చివరిదాకా చూడాలి. మధ్యలో దాని మీద నొక్కినా వ్యూ కిందే వస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రిపోర్టులో 3 సెకన్ల ప్లేలు ఒక కాలమ్‌లో ఉంటాయి. థ్రూప్లే అని ఇంకో కాలమ్ ఉంటుంది. వీడియో 15 సెకన్లు ఆడితే, లేదా అంతకంటే చిన్న వీడియో పూర్తిగా ఆడితే అది థ్రూప్లే. ఇక యాడ్ "కనిపించింది" అనడానికి పరిశ్రమ పెట్టుకున్న కొలత ఇంకా తక్కువ: వీడియోలో సగం పిక్సెళ్ళు తెర మీద వరసగా 2 సెకన్లు ఉంటే చాలు.

ఇప్పుడు ఒకచోట 30 సెకన్ల వ్యూని, ఇంకోచోట 3 సెకన్ల ప్లేని పక్కపక్కన పెట్టి "ఫేస్‌బుక్‌లో వ్యూ చవక" అంటే అది కాకిలెక్క. రెండింటికీ ఒకే కొలబద్ద వాడండి. వీడియోలో 25, 50, 75, 100 శాతం దాకా ఎంతమంది చూశారన్నది రెండు చోట్లా దొరుకుతుంది. పెట్టిన డబ్బుని 75 శాతం దాకా చూసినవాళ్ళ సంఖ్యతో భాగిస్తే, ఎక్కడ చవకో అప్పుడు తెలుస్తుంది. ఒక జాగ్రత్త: స్కిప్ చేయడానికి వీల్లేని 15 సెకన్ల యాడ్స్, 6 సెకన్ల బంపర్ యాడ్స్ ఎలాగూ చివరిదాకా ఆడతాయి. వాటి విషయంలో "పూర్తిగా చూశారు" అన్న అంకెకి విలువ లేదు.

ప్లాట్‌ఫామ్ ఇచ్చే అంకెలు కూడా తప్పు కావచ్చు. 2016లో ఫేస్‌బుక్ ఒక విషయం ఒప్పుకుంది. సగటున ఎంతసేపు చూశారన్న లెక్కలో 3 సెకన్ల కంటే తక్కువ చూసినవాళ్ళని కలపకుండా వదిలేయడంతో ఆ సగటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించిందని చెప్పింది. పెద్ద కంపెనీలు కూడా ఆ అంకె చూసుకునే బడ్జెట్లు వేసుకున్నాయి. అందుకే మీ సొంత నోట్‌బుక్ ఉండాలంటున్నాను.

4. ఐదో సెకను దగ్గర ఏముంది?

రిపోర్టులో ఎక్కువమంది ఎక్కడ వెళ్ళిపోతున్నారో చూసి, ఆ సెకను దగ్గర వీడియో ఆపి తెర మీద ఏముందో చూడండి. మన ఊరి యాడ్స్‌లో చాలా వాటికి ఆరంభం ఒకటే: ఆర్కే బీచ్ మీద డ్రోన్, కురుసుర సబ్‌మెరైన్ మీదుగా ఎగురుతూ కైలాసగిరి దాకా, వెనక మ్యూజిక్. చూడ్డానికి బాగుంటుంది. కానీ స్కిప్ బటన్ 5 సెకన్లకి వస్తుంది, షాపు పేరు పన్నెండో సెకనుకి వస్తుంది. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళకి మీరు ఏం అమ్ముతారో కూడా తెలియదు. విశాఖ వాళ్ళకి బీచ్ చూపించడానికి మీరు డబ్బు కట్టినట్టయింది.

అదే వీడియోని రెండు రకాలుగా కట్ చేయించండి. ఒకదాంట్లో మొదటి 4 సెకన్లలోనే సోఫా, రేటు, "ద్వారకానగర్" అన్న మాట రావాలి. రెండోది పాత పద్ధతిలోనే ఉండనివ్వండి. రెండింటికీ సమాన బడ్జెట్, ఒకే ఏరియా, ఒకే వారం ఇచ్చి, 25 శాతం దాకా చూసినవాళ్ళ శాతం పోల్చండి. ఫేస్‌బుక్‌లో చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు కాబట్టి తెలుగు అక్షరాలు పెద్దగా తెర మీద ఉండాలి. సౌండ్ తీసేసి మీరే ఒకసారి చూడండి, ఏం అమ్ముతున్నారో అర్థమైతే చాలు.

ఇక్కడిదాకా కొలిచింది వీడియో గురించి. షాపు గురించి ఇంకా ఏమీ తెలియలేదు.

5. ఏ ఊళ్ళో, ఎవరి చేతిలో, ఏ తెర మీద

గూగుల్ యాడ్స్ లొకేషన్ సెట్టింగ్స్‌లో రెండు రకాలుంటాయి. ఒకటి, ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి మాత్రమే చూపించడం. రెండోది, ఆ ఊరి మీద ఆసక్తి చూపించిన వాళ్ళకి కూడా చూపించడం. విశాఖ లాంటి టూరిస్టు ఊరికి ఇది చాలా పెద్ద తేడా. హైదరాబాద్‌లో కూర్చుని రుషికొండ రిసార్టులు, అరకు రైలు టికెట్లు వెతుక్కునే ఆయనకి మీ సోఫా యాడ్ వెళ్తే ఆ డబ్బు పోయినట్టే. ఊళ్ళో ఉన్నవాళ్ళకే అన్నది ఎంచుకుని, వారం తర్వాత యాడ్ నిజంగా ఏ ప్రాంతాల్లో కనిపించిందో లొకేషన్ రిపోర్టులో సరిచూసుకోండి.

తర్వాత ఏ ఛానళ్ళ మీద ఆడిందో చూపించే జాబితా తెరవండి. పిల్లల పాటలు, కార్టూన్ల ఛానళ్ళు పైనే కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండేళ్ళ బాబుకి అన్నం పెట్టడానికి అమ్మ ఫోన్ ఇస్తుంది, వాడికి స్కిప్ కొట్టడం రాదు, మీ యాడ్ చివరిదాకా ఆడుతుంది. రిపోర్టులో అది అద్భుతమైన వ్యూ. అలాంటి ఛానళ్ళని తీసేయండి. తీసేశాక వ్యూస్ తగ్గుతాయి, ఏజెన్సీ కంగారు పడుతుంది. మీరు పడకండి.

డివైజ్ రిపోర్టు కూడా విడిగా చూడాలి. స్మార్ట్ టీవీలో యూట్యూబ్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ చూసే ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. టీవీ మీద యాడ్ చివరిదాకా ఆడుతుంది, క్లిక్ మాత్రం దాదాపు రాదు. క్లిక్కుల్ని బట్టి టీవీ పనికిరాదని తీసేస్తే, సోఫా కొనే నిర్ణయం తీసుకునే పెద్దవాళ్ళు ఆ టీవీ ముందే కూర్చుని ఉన్నారన్న సంగతి వదిలేసినట్టే. టీవీ సంగతి తేల్చడానికి ముందు ముందు చెప్పే ఏరియా పరీక్ష వాడాలి.

ఇంప్రెషన్లని (యాడ్ మొత్తం ఎన్నిసార్లు కనిపించింది) రీచ్‌తో (ఎంతమందికి కనిపించింది) భాగిస్తే ఒక్కొక్కరికి సగటున ఎన్నిసార్లు కనిపించిందో వస్తుంది. అదే ఫ్రీక్వెన్సీ. చిన్న ఏరియాకి పెద్ద బడ్జెట్ పెడితే ఇది వారం వారం పెరుగుతూ పోతుంది. అది పెరుగుతున్నా ఫోన్లు పెరగకపోతే కొత్త వీడియో పెట్టాలి, లేదా ఆపాలి.

6. ఫోను, వాట్సాప్, లింకు

మన దగ్గర వెబ్‌సైట్ ఫారమ్ నింపేవాళ్ళకంటే వాట్సాప్ చేసేవాళ్ళే ఎక్కువ. అందుకని అన్నిటికంటే సులువైన గుర్తు వాట్సాప్ లింకే. నొక్కగానే ఒక మెసేజ్ ముందే టైపై ఉండేలా ఆ లింకుని తయారు చేసుకోవచ్చు. యూట్యూబ్ లింకులో "నమస్తే, సోఫా వీడియో చూశాను, రేటు చెప్పండి" అని పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ లింకులో "నమస్తే, సోఫా మోడల్స్ పంపండి" అని పెట్టండి. కస్టమర్ సెండ్ నొక్కితే చాలు, ఎక్కడి నుంచి వచ్చారో మొదటి మెసేజే చెప్పేస్తుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో వెంటనే లేబుల్ వేయండి. ఫోన్ కాల్స్‌కి అయితే వీడియోలో చూపించే నంబరు వేరే సిమ్ ఉండాలి. షాపు బోర్డు మీద ఉన్న నంబరే వీడియోలోనూ ఇస్తే ఏ కాల్ ఎందుకొచ్చిందో ఎప్పటికీ తేలదు.

వెబ్‌సైట్ ఉన్నవాళ్ళు ప్రతి లింకు చివరా యూటీఎం గుర్తులు, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే చిన్న ముక్కలు, తగిలించాలి. సోర్స్ ఏది, మీడియం ఏది, క్యాంపెయిన్ పేరేంటి అన్న మూడూ ఉంటే సైటుకి వచ్చినవాళ్ళ లెక్క చూపించే గూగుల్ అనలిటిక్స్ 4లో విడివిడిగా కనబడతాయి. పేర్లు ఒకే తీరుగా పెట్టండి. ఒకసారి "యూట్యూబ్", ఇంకోసారి "వైటీ" అని రాస్తే అది రెండు వరసలుగా విడిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు ప్రొఫైల్‌కి వచ్చే కాల్స్, దారి అడిగినవాళ్ళు, మీ పేరుతో వెతికినవాళ్ళ అంకెలు కూడా వారానికోసారి రాసుకోండి. యాడ్ చూసినవాళ్ళు చాలామంది లింకు నొక్కరు, రెండు రోజులాగి షాపు పేరు వెతుక్కుంటారు.

యాడ్ అకౌంటు డాష్‌బోర్డులో కన్వర్షన్లు (యాడ్ వల్ల వచ్చాయని అది చెప్పే కొనుగోళ్ళు, ఎంక్వైరీలు) చూసేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. సెట్టింగ్ మార్చకపోతే, క్లిక్ చేసిన 30 రోజుల్లోపు ఏం జరిగినా గూగుల్ తన ఖాతాలో వేసుకుంటుంది. స్కిప్ చేయగలిగే యాడ్‌ని 10 సెకన్లు చూసి క్లిక్ చేయకపోయినా, 3 రోజుల్లోపు సైటుకొచ్చి కొంటే దాన్నీ కలుపుకుంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ మెటా అయితే క్లిక్‌కి 7 రోజులు, ఊరికే చూసినదానికి ఒక రోజు. ఒకే మనిషి రెండు చోట్లా యాడ్ చూసి ఒక సోఫా కొంటే రెండు డాష్‌బోర్డులూ ఆ సోఫా నాదంటే నాదంటాయి. రెండూ కూడితే మీ అసలు బిల్లుల కంటే ఎక్కువ తేలిన సందర్భాలూ ఉంటాయి. కాబట్టి ఆ రెండింటినీ ఎప్పుడూ కూడొద్దు.

కస్టమర్ల ఫోన్ నంబర్లు యాడ్ కంపెనీలకి అప్‌లోడ్ చేసి సరిపోల్చే పద్ధతి కూడా ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం నంబరు తీసుకునేటప్పుడే ఎందుకో చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం మంచిది. అది లేనివాళ్ళు ఈ పద్ధతి జోలికి వెళ్ళకండి.

7. కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్న

షాపులోకి వచ్చినవాళ్ళని అడగడం చవకైన పద్ధతి. ఎక్కువగా పాడయ్యేదీ ఇదే. "మా యాడ్ చూశారాండీ?" అని అడిగితే మనవాళ్ళు మర్యాదకి "ఆఁ, చూసేమండి" అనేస్తారు. అలా అడగొద్దు. "మా షాపు గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి ఆగాలి. వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే రాయాలి. "మా అబ్బాయి ఫోన్లో చూపించేడండి" అంటే అదే రాయండి. "టీవీలో వచ్చిందండి" అంటే "ఏ ఛానల్లోనండీ?" అని ఇంకో ప్రశ్న వేయండి. "సీరియల్ చూస్తుంటే వచ్చింది, యూట్యూబ్‌లో" అని చాలాసార్లు అప్పుడు బయటపడుతుంది. కేబుల్ టీవీలో యాడ్ వేయనివాళ్ళకి కూడా ఈ జవాబు వస్తుంది.

బిల్లింగ్ దగ్గర అడిగితే సాయంత్రం ఏడింటికి రష్‌లో ఎవరూ రాయరు. కస్టమర్ సోఫాలో కూర్చుని మెత్తదనం చూస్తున్నప్పుడు, మంచినీళ్ళు ఇస్తూ సేల్స్‌మన్ అడగాలి. కొన్నా కొనకపోయినా ప్రతి కుటుంబాన్నీ రెండే ప్రశ్నలు అడగండి: ఎలా తెలిసింది, ఏ ఏరియా నుంచి వచ్చారు. సేల్స్‌మన్‌కి యాడ్స్ ఎప్పుడు ఆన్‌లో ఉన్నాయో, ఏ ఏరియాలో ఆడుతున్నాయో చెప్పకండి. చెబితే తెలియకుండానే జవాబుని అటువైపు నడిపిస్తారు.

వీడియోలో ఒక కూపన్ మాట పెట్టి లెక్కపెట్టడం చాలామంది చేస్తారు. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. బేరం తెగనప్పుడు సేల్స్‌మన్ తనే "ఈ కోడ్ చెప్పండి, తగ్గుతుంది" అని ఇచ్చేస్తాడు. అక్కడితో లెక్క పోతుంది.

ఈ నోట్‌బుక్ యాడ్‌కి నాలుగు వారాల ముందు నుంచే మొదలవ్వాలి. ముందు ఎలా ఉందో తెలియకపోతే తర్వాత ఏం మారిందో చెప్పలేం.

8. ఒక ఏరియాకి యాడ్ వేయకుండా ఉంచండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. ముందూ వెనకా పోల్చడం ఒక్కటే సరిపోదు. ఆషాఢంలో యాడ్ లేదు, శ్రావణంలో వేశాం, అమ్మకాలు పెరిగాయి అంటే అది శ్రావణం మహిమ కూడా కావచ్చు. పోయిన ఏడాది అదే తారీఖులతో పోల్చినా తప్పే. మన సీజన్లు తెలుగు నెలల్ని పట్టుకుని నడుస్తాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి పెళ్ళిళ్ళు, పండగ కొనుగోళ్ళు నిజ శ్రావణానికి జరిగాయి. 2026లో అధిక జ్యేష్ఠం. పైగా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కురిస్తే ఆ వారం మొత్తం కౌంటర్ ఖాళీ. ఇవన్నీ రెండు ఏరియాలకీ ఒకేలా తగులుతాయి. అందుకే ఒక ఏరియాలో యాడ్ వేసి, ఇంకో ఏరియాలో వేయకుండా ఉంచి, రెండూ పోల్చాలి.

ద్వారకానగర్ షోరూమ్‌కి మధురవాడ ఒకవైపు, గాజువాక ఇంకోవైపు. రెండూ ఊరికి చెరో కొస, షోరూమ్‌కి దాదాపు సమాన దూరం. యాడ్ సెట్టింగ్స్‌లో మ్యాప్ మీద పిన్ పెట్టి చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని గీసుకోవచ్చు. మధురవాడ చుట్టూ యాడ్ ఆన్ చేయండి, గాజువాకలో వేయకండి. మధ్యలో ఎన్ఏడీ, కంచరపాలెం, సీతమ్మధార అడ్రస్‌లని రెండు లెక్కల్లోనూ కలపకండి, ఎందుకంటే ఫోన్ ఎక్కడుందో యాడ్ కంపెనీకి తెలిసేది ఉజ్జాయింపుగానే. రెండు ఏరియాలు మరీ దగ్గరైతే యాడ్ ఇటు నుంచి అటు కారిపోతుంది. మధురవాడలో ఇల్లు, స్టీల్‌ప్లాంట్ వైపు ఉద్యోగం ఉన్నవాళ్ళు కొందరు ఎలాగూ ఉంటారు. ఆ కాస్త కలగాపులగం తప్పదు.

పరీక్ష నడిచే రోజుల్లో రెండు వైపులా మిగతా అన్నీ సమానంగా ఉండాలి. ఒకవైపే పేపర్లో పాంప్లెట్లు పెట్టించడం, ఒకవైపే ఫ్రీ డెలివరీ ఇవ్వడం, కొత్త హోర్డింగ్ కట్టించడం లాంటివి ఈ నెలల్లో వద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. యాడ్‌కి ముందు నాలుగు వారాల్లో మధురవాడ వైపు 40 బిల్లులు, గాజువాక వైపు 50. యాడ్ నడిచిన నాలుగు వారాల్లో మధురవాడ 62, గాజువాక 60. చూడగానే యాడ్ వల్ల 22 పెరిగాయనిపిస్తుంది. కానీ యాడ్ లేని గాజువాకే 50 నుంచి 60కి, అంటే 20 శాతం పెరిగింది. సీజనో, జీతాలో, ఏదో కారణం ఉంది. ఆ కారణం మధురవాడకీ వర్తిస్తుంది కాబట్టి యాడ్ లేకపోయినా 40 కాస్తా 48 అయ్యేది. 62లోంచి 48 తీసేస్తే యాడ్ వల్ల వచ్చినవి 14.

పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్ళకి గూగుల్, మెటా రెండూ ఇదే సూత్రం మీద తామే పరీక్షలు చేసి పెడతాయి. కొంతమందికి కావాలనే యాడ్ చూపించకుండా ఉంచి, చూసినవాళ్ళతో పోలుస్తాయి. మీ ఖర్చు ఆ స్థాయిలో ఉంటే అడగండి. లేకపోతే గాజువాక, మధురవాడ ఉన్నాయి.

9. ఆ 14ని నమ్మొచ్చా?

ఒక్కసారికే నమ్మకూడదు. ఏ కారణమూ లేకుండానే బిల్లుల సంఖ్య ఊగుతుంది. ఎంత ఊగుతుందో అంచనా వేయడానికి సులువైన పద్ధతి వర్గమూలం. 50 బిల్లులు వచ్చే చోట వర్గమూలం సుమారు 7, కాబట్టి ఒక నెల 43 రావడం, ఇంకో నెల 57 రావడం మామూలే. మన లెక్కలో అలా ఊగే అంకెలు నాలుగున్నాయి. నాలుగింటి ఊగిసలాటనీ కలిపితే, ఆ 14 కాస్తా "14, అటో ఇటో ఇంకో 14" అవుతుంది. నిజమైన అదనం సున్నా దగ్గర ఉండొచ్చు, 28 దగ్గరా ఉండొచ్చు. ఈ మాట ఏ రిపోర్టులోనూ రాయరు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది, ఏరియాలు తిరగేయడం. రెండు వారాలు ఏ యాడ్ లేకుండా ఆగి, తర్వాత నాలుగు వారాలు గాజువాకలో వేసి మధురవాడలో ఆపండి. రెండోసారి కూడా యాడ్ ఉన్న వైపే పెరిగితే నమ్మకం పెరుగుతుంది. తిరగేశాక కూడా మధురవాడే పెరుగుతుంటే, అక్కడ కొత్త అపార్ట్‌మెంట్లలో జనం దిగుతున్నారేమో, యాడ్‌కి సంబంధం లేదేమో అని అనుమానించాలి.

రెండోది, బిల్లులతో పాటు షాపుకి వచ్చిన కుటుంబాల్ని కూడా లెక్కపెట్టడం. ఏడో మెట్టులో ఏరియా అడగమన్నది ఇందుకే. 40 బిల్లులకి ఊగిసలాట 6, అంటే 15 శాతం పైనే. 400 విజిట్లకి ఊగిసలాట 20, అంటే 5 శాతమే. బిల్లుల్లో 48 నుంచి 62కి పెరుగుదల 29 శాతం. విజిట్లలోనూ అదే 29 శాతం కనబడితే దాన్ని గాలివాటం అనలేం. విజిట్లు పెరిగి బిల్లులు పెరగకపోతే యాడ్ తన పని చేసింది, లోపం రేటులోనో సరుకులోనో సేల్స్‌మన్ మాటలోనో ఉంది.

10. రూపాయల్లోకి మార్చండి

యాడ్‌కి 30,000 ఖర్చయింది, జీఎస్టీ క్రెడిట్ వచ్చేస్తుంది. వీడియో తీయడానికి 20,000 అయింది, దాన్ని రెండు విడతల్లో వాడుతున్నారు కాబట్టి ఈ విడతకి 10,000. మొత్తం 40,000. అదనపు బిల్లులు 14 కాబట్టి ఒక్కోదానికి 2,857. రాసిపెట్టుకున్న 3,000 లోపే. మార్జిన్ 14 × 4,500 = 63,000, ఖర్చు పోను 23,000 మిగిలింది. ఇదే యాడ్‌కి డాష్‌బోర్డు 35 కొనుగోళ్ళు నావేనని చూపిస్తే, వీడియో ఖర్చు కూడా వదిలేసి, ఒక్కోదానికి 857 మాత్రమే అయిందని చెబుతుంది. ఆ 857 చూసి బడ్జెట్ మూడింతలు చేసినవాళ్ళకి దెబ్బ తగులుతుంది.

ఎన్ని అదనపు బిల్లులు వస్తే ఖర్చు తిరిగొస్తుందో కూడా చూసుకోండి. 40,000ని 4,500తో భాగిస్తే దాదాపు 9. రెండు విడతల సగటు 9 కంటే బాగా పైన ఉంటే కొనసాగించండి. 9 దగ్గరే ఊగుతుంటే బడ్జెట్ పెంచకుండా ఇంకో విడత చూడండి. కిందకి ఉంటే ఆ వీడియో ఆపేసి, నాలుగో మెట్టు నుంచి కొత్తది తయారు చేయించండి.

ఆఫర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నష్టం ఇక్కడే దాక్కుని ఉంటుంది. వీడియోలో "10 శాతం తగ్గింపు" అని చెప్పారనుకోండి. ఆ తగ్గింపు అదనంగా వచ్చిన 14 మందికే కాదు, ఎలాగూ వచ్చే 48 మందికీ ఇవ్వాలి. బిల్లుకి 1,800 చొప్పున 48 మందికి 86,400. యాడ్ తెచ్చిన 63,000 మార్జిన్ కంటే అదే ఎక్కువ. కాబట్టి ఆఫర్ పెట్టే ముందు ఈ గుణకారం చేసుకోండి. పెట్టక తప్పదనుకుంటే మొత్తం బిల్లు మీద కాకుండా, నిల్వ ఉండిపోయిన ఒకటి రెండు మోడల్స్ మీదే పెట్టి, ఆ మోడల్స్ బిల్లుల్ని నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాయండి.